కాలు వాచిందంటే ఏ వాపో అడగడం నేర్పండి: మెడికల్ కోడింగ్ గురువులకు, ఆడిటర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ నేర్పుతున్న శిక్షణ సంస్థల నిర్వాహకులకు, అక్కడ పాఠాలు చెప్పే గురువులకు, కోడింగ్ కంపెనీల్లో క్వాలిటీ టీములు నడిపే పెద్దలకు,

నమస్కారం.

పోయిన నెలలో ఒక సాయంత్రం, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి పక్కన కూర్చుని ఆమె పని చూస్తున్నాను. స్క్రీన్ మీద అమెరికాలోని ఒక పెద్దావిడ డాప్లర్ రిపోర్ట్, అంటే కాలి సిరలను చూసే స్కాన్ రిపోర్ట్ ఉంది. వయసు, మిగతా వివరాలు ఇక్కడ చెప్పను, చెప్పకూడదు. పంపిన డాక్టర్ ఆర్డర్‌లో రాసింది ఒక్క లైనే: ఎడమ పిక్కలో నొప్పి, వాపు, ‘రూల్ అవుట్ డీవీటీ’, అంటే లోపలి సిరలో గడ్డ ఉందో లేదో తేల్చమని. మా అమ్మాయి రిపోర్ట్‌ను కిందికి జరపకుండానే ఐ82.402 అని జబ్బు కోడ్ కొట్టేసింది. అంటే ఎడమ కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టిందని ఆ ఆవిడ పేరు మీద రాసేసింది.

కిందిదాకా చదవమన్నాను. చివర్లో రేడియాలజిస్ట్ స్పష్టంగా రాశారు. సిరల్లో గడ్డ లేదు. మోకాలి వెనక నీటితిత్తి ఉంది, నొప్పికి, వాపుకు కారణం అదే. దాని కోడ్ ఎం71.22. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. “మేడమ్, డీవీటీ అని కనబడితే ఐ82.4 అని క్లాసులో చెప్పారు” అంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు. 2014లో నేను ఫిజియోథెరపీ డిగ్రీతో ఈ ఉద్యోగంలో చేరినప్పుడు అచ్చం ఇదే తప్పు చేశాను. అప్పుడు జబ్బుల కోడ్లకు పాత జాబితా ఐసీడీ-9 నడుస్తోంది కనుక నేను వేసిన కోడ్ 453.40. ఆ రోజు ఆడిట్‌కు తీసిన కొన్ని చార్టుల్లో నాది ఒకటి ఉండబట్టి దొరికింది. దిద్దారు, నా స్కోర్ తగ్గించారు, అంతటితో అయిపోయింది. ఆడిట్‌కు తీయని చార్టుల్లో అలాంటివి ఎన్ని వెళ్లిపోయాయో నాకు తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఈ లేఖ రాయడానికి అదే కారణం.

ఈ పని తెలియనివాళ్లు కూడా చదువుతారు కనుక నాలుగు మాటలు చెబుతాను. అమెరికాలో ఒక మనిషికి స్కాన్ తీస్తే, ఇన్సూరెన్స్‌కు వెళ్లే బిల్లులో రెండు సంగతులు ఉండాలి. ఏం చేశారు అనేది సీపీటీ కోడ్. ఎందుకు చేశారు, ఏం తేలింది అనేది ఐసీడీ-10-సీఎం కోడ్. ఒక కాలికి సిరల డాప్లర్ తీస్తే 93971, రెండు కాళ్లకూ పూర్తిగా తీస్తే 93970. ఆ స్కాన్‌కు తగిన కారణం పక్కనే కనబడకపోతే డబ్బు రాదు. ఈ కోడ్లు రాసేవాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. బీఫార్మసీ, నర్సింగ్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివి, సూర్యాపేట నుంచో నంద్యాల నుంచో వచ్చి, అమీర్‌పేటలో హాస్టల్ తీసుకుని నేర్చుకున్నవాళ్లు. వాళ్లు తెలివైనవాళ్లు. వాళ్లకు మనం నేర్పుతున్న పద్ధతి గురించే నా బాధ.

మొదట ఆ ‘రూల్ అవుట్’ సంగతి. ఐసీడీ-10-సీఎం అధికారిక మార్గదర్శకాల్లో నాలుగో విభాగం ఉంది కదా, ఔట్‌పేషెంట్ సేవలది. అందులో హెచ్ అనే భాగం సూటిగా చెబుతుంది. అనుమానం, బహుశా, కావచ్చు, తేల్చుకోవాలి, ఫలానా జబ్బుకు సరిపోయేలా ఉంది అని డాక్టర్ రాసినదాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు. ఆ రోజుకు ఖాయంగా తెలిసినదేదో అదే రాయాలి, అది ఒట్టి నొప్పి అయినా సరే. అదే విభాగంలో కె అనే భాగం ఇంకో మాట చెబుతుంది. స్కాన్‌ను డాక్టర్ చదివి ఫైనల్ రిపోర్ట్ ఇచ్చేసి ఉంటే, అందులో ఖాయమైన జబ్బునే కోడ్ చేయాలి, దానికి సంబంధించిన లక్షణాలను మళ్లీ అదనంగా వేయకూడదు. రేడియాలజిస్ట్ కూడా డాక్టరే కనుక ఆయన ఖాయంగా రాసిన మాట చెల్లుతుంది. ఇంతే. రెండు పేరాల విషయం. కానీ దీన్ని ఒక్క తరగతిలో పైపైన చెప్పి వెళ్లిపోతున్నారు. ఆ తర్వాత ఆస్పత్రిలో చేరిన రోగుల పాఠం వస్తుంది. అక్కడ ఆస్పత్రి బిల్లుకు సరిగ్గా దీనికి ఎదురు నియమం ఉంటుంది. డిశ్చార్జ్ నాటికి కూడా అనుమానంగానే ఉన్న జబ్బును ఉన్నట్టే కోడ్ చేయమంటుంది. పిల్లల బుర్రలో రెండూ కలిసిపోతాయి. ఎందుకు తేడా ఉందో చెప్పకుండా రెండు నియమాలూ బట్టీ పట్టిస్తే, పరీక్షలో గుర్తుంటాయి, పనిలో ఉండవు.

గడ్డ లేనప్పుడు, తిత్తీ లేనప్పుడు, రిపోర్ట్ మొత్తం నార్మల్ అన్నప్పుడు ఏం రాయాలి? నొప్పి, వాపు అనే రాయాలి. ఇక్కడే మన కోడర్లకు భయం. ‘సింప్టమ్ కోడ్ వేస్తే వీక్‌గా ఉంటుంది మేడమ్, క్లెయిమ్ తిరిగొస్తుంది’ అంటారు. ఈ మాట వాళ్లకు ఎవరు నూరిపోశారో గానీ, ఇది నిజం కాదు. ఒక్క కాలు హఠాత్తుగా వాచి నొప్పి పుడుతుంటే, సిరలో గడ్డ ఉందేమో చూడడానికి ఆ వాపే చాలిన కారణం. డాక్టర్ స్కాన్‌కు పంపింది అందుకే. గడ్డ లేదని తేలడం ఆ స్కాన్ చేసిన మేలు. ఆ మేలును మనం జబ్బుగా మార్చి రాస్తే డబ్బు వస్తుందేమో గానీ, అది అబద్ధపు బిల్లు. ఆ దేశంలో ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి అంతర్యుద్ధం రోజుల్లో, 1863లో చేసిన చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ సంగతి తెలిసి కూడా కొందరు టీమ్ లీడ్‌లు ‘డబ్బు వచ్చే లిస్టులో ఉన్న కోడ్ వేసెయ్’ అనడం నేను చెవులారా విన్నాను.

ఇంకో పక్క ఆ పెద్దావిడ ఉంది. ఆమె పేరు మీద గడ్డకట్టిన చరిత్ర ఒకసారి ఎక్కితే, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అది కనబడవచ్చు. రేపు మోకాలి ఆపరేషన్‌కు వెళితే ఆ గీతను చూసి రక్తం పలచబడే మందుల గురించి వేరేగా ఆలోచించవచ్చు. లేని జబ్బును ఆమె జీవితంలోకి తెచ్చింది ఎవరో కాదు, ఇక్కడ కూర్చుని కిందిదాకా చదవని మనం.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, వాపు అనే మాట. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మన ఇళ్లలో కాళ్ల గురించి మాట్లాడుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. కాళ్లకు నీరు పట్టింది అంటాం. కాలు వాచింది అంటాం. పిక్క మీద గడ్డ లేచింది అంటాం. మోకాలి చిప్పలో నీరు చేరింది అంటాం. ఈ నాలుగూ ఒకటి కాదని బడికి వెళ్లని మా అమ్మమ్మకు తెలుసు. చీలమండ పైన వేలితో నొక్కి, గుంట పడి నిలిచిందంటే ‘నీరు పట్టిందమ్మా, ఉప్పు తగ్గించు’ అనేది. గుంట పడకపోతే ఆ మాట అనేది కాదు. ఐసీడీ-10-సీఎం చేసేది కూడా ఇదే విభజన! నీరు పట్టడం, అంటే ఎడిమా, కాళ్లలో అయితే ఆర్60.0. డాక్టర్ కాలి వాపు అని మాత్రమే రాస్తే, ఇండెక్స్, అంటే కోడ్ పుస్తకంలోని మాటల పట్టిక, మనల్ని ఎం79.89కి తీసుకుపోతుంది. ఒకచోట లేచిన గడ్డలాంటి వాపు అయితే కుడి కాలికి ఆర్22.41, ఎడమకు ఆర్22.42, రెండింటికీ అయితే ఆర్22.43. మోకాలి కీలులో నీరు చేరితే కుడికి ఎం25.461, ఎడమకు ఎం25.462. చీలమండ వాపు అని వెతికితే ఇండెక్స్ మళ్లీ కీలులో చేరిన నీరు దగ్గరికే పంపుతుంది.

ఈ తేడాను నేను తెలుగులో చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఒక్క నిమిషంలో పట్టుకున్నారు. స్వెల్లింగ్, ఎడిమా, ఎఫ్యూజన్, మాస్ అని ఇంగ్లీషులో నాలుగు మాటలు బోర్డు మీద రాసి, ఎదురుగా నాలుగు నంబర్లు రాస్తే, అవి నాలుగు ఫోన్ నంబర్లలాగే మిగిలిపోతాయి. అదే మాటను వాళ్ల నాయనమ్మ కాలి దగ్గరికి తీసుకెళితే మరిచిపోరు. పాఠాలు తెలుగులో చెబితే ఇంటర్వ్యూలో ఇంగ్లీష్ రాదని మీ భయం, నాకు అర్థమవుతుంది. ఇంగ్లీష్ ఎలాగూ నేర్పండి. కానీ ముందు విషయం వాళ్లకు తెలిసిన భాషలో దిగనివ్వండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన అనుభవం కొన్నిసార్లు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. లింఫెడిమా, అంటే శోషరసం నిలిచిపోయి వచ్చే వాపు, అని చూడగానే ఒక కుర్రాడు బోదకాలు కోడ్, బి74.0 వేశాడు. అతని ఊళ్లో ఆ జబ్బు ఉన్నవాళ్లను చిన్నప్పటి నుంచి చూశాడు, ఏటా ఇంటికొచ్చి ఇచ్చే మాత్రలు మింగాడు. అతనికి లింఫెడిమా అంటే దోమ కాటుతో వచ్చే బోదకాలే. అమెరికాలో ఆ వాపు ఎక్కువగా క్యాన్సర్ చికిత్స తర్వాత వస్తుంది. రొమ్ము తీసేసిన తర్వాత చెయ్యి వాస్తే దానికి ఐ97.2 అని వేరే కోడే ఉంది. ఏమీ తేల్చి చెప్పకపోతే ఐ89.0. ఎవరి కాలు, ఏ దేశం, ఏ కారణం అని అడగడం కూడా నేర్పాల్సిన విషయమే.

కాలు అనే మాట కూడా చిక్కుదే. మనకు కాలు అంటే తుంటి నుంచి పాదం దాకా. వైద్య పుస్తకంలో ‘లెగ్’ అంటే కచ్చితంగా మోకాలికీ చీలమండకూ మధ్య భాగమే. ఐసీడీ రెండు రకాలుగానూ వాడుతుంది. కాలు నొప్పి అని మాత్రమే ఉంటే కుడికి ఎం79.604, ఎడమకు ఎం79.605. మోకాలి కింద, పిక్క దగ్గర అని తెలిస్తే ఎం79.661, ఎం79.662. తొడ అయితే ఎం79.65 కింద, పాదం, వేళ్లు అయితే ఎం79.67 కింద చూడాలి. నొప్పి కీలులో ఉంటే అసలు ఈ ఇంట్లోనే ఉండదు, ఎం25.5 దగ్గరికి వెళ్లాలి. చివరి అంకె 1 అంటే కుడి, 2 అంటే ఎడమ అని పిల్లలకు సూత్రంలా చెబుతారు. అది చాలాచోట్ల నిజమే. కానీ ఎం79.60 దగ్గర 1, 2 చేతులకు పోయాయి, కుడి కాలు 4, ఎడమ కాలు 5 అయింది. సూత్రం మాత్రమే తెలిసినవాడు ఎం79.602 వేసి ఎడమ కాలు నొప్పి అనుకుంటాడు. అది ఎడమ చెయ్యి.

పాత ఐసీడీ-9లో ఈ బాధ లేదు. చెయ్యైనా కాలైనా, కుడైనా ఎడమైనా నొప్పికి 729.5 ఒక్కటే, వాపుకు 729.81 ఒక్కటే. 2015 అక్టోబర్ 1న కొత్త కోడ్లు వచ్చాక ఆ ఒక్క నొప్పి దాదాపు 30 కోడ్లయింది. ఆ రాత్రి మా ఫ్లోర్‌లో ఎవరూ ఇంటికి పోలేదు. వాపు మాత్రం ఎం79.89లోనే ఉండిపోయింది, దానికి కుడి ఎడమలు లేవు. ఆర్60.0కీ లేవు. అలాంటప్పుడు ఏ కాలో చెప్పాల్సిన బరువు స్కాన్ కోడ్ పక్కన పెట్టే ఆర్‌టీ (కుడి), ఎల్‌టీ (ఎడమ) అనే గుర్తుల, అంటే మాడిఫయర్ల మీద పడుతుంది. డాక్టర్‌కు కూడా పక్క ముఖ్యం. రెండు కాళ్లకూ నీరు పడితే ముందు గుండె, కిడ్నీ, కాలేయం వైపు చూస్తాడు. ఒక్క కాలే వాస్తే గడ్డ గురించి కంగారు పడతాడు. అందుకే ఏ కాలో తెలియదనే కోడ్ కోడర్‌కు సుఖంగా ఉన్నా నాకు నచ్చదు. స్కాన్ తీసినవాడికి ఏ కాలో కచ్చితంగా తెలుసు, రిపోర్ట్‌లో వెతికితే దొరుకుతుంది.

సిరల పేర్ల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ‘సూపర్‌ఫిషియల్ ఫెమొరల్ వెయిన్’ అని కొందరు రేడియాలజిస్ట్‌లు ఇంకా రాస్తుంటారు. పేరులో సూపర్‌ఫిషియల్ ఉంది కదా అని మన పిల్లలు చర్మం కింది సిర అనుకుని ఐ82.81 కింద వేస్తారు. అది లోపలి సిర. తొడలోని ముఖ్యమైన లోపలి సిర! అందులో గడ్డ ఉందంటే అది ఊపిరితిత్తుల దాకా పోగలదు. కోడ్ ఐ82.41 కిందే ఉండాలి. ఈ పేరు డాక్టర్లనే తికమక పెట్టింది కనుకనే ఇప్పుడు వట్టి ఫెమొరల్ వెయిన్ అని రాయమంటున్నారు. మీ పుస్తకాల్లో, మీ పాఠాల్లో ఈ ఒక్క వాక్యం చేర్చండి, చాలా తప్పులు ఆగిపోతాయి.

డాప్లర్‌లో అసలు ఏం చేస్తారో మన కోడర్లలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. ప్రోబ్‌తో కాలి మీద నొక్కుతారు. మామూలు సిర అయితే నొక్కగానే గోడలు కలిసిపోయి మూసుకుపోతుంది. లోపల గడ్డ ఉంటే మూసుకోదు. అంత సరళమైన పరీక్ష. ఇది తెలిస్తే, రిపోర్ట్‌లో ‘నాన్ కంప్రెసిబుల్’ అనే మాట కనబడగానే కోడర్ కళ్లు అక్కడ ఆగుతాయి. ఆగి, ఏ సిర, కొత్తదా పాతదా అని ముందుకు చదువుతాడు. తెలియకపోతే ఆ మాటను దాటేసి, చివర ఇంప్రెషన్ అనే చోట ఏదో ఒక జబ్బు పేరు దొరికిందా అని చూస్తాడు.

కొత్తదా పాతదా అన్నాను. దాని గురించి మా వీధిలో జరిగింది చెబుతాను. మా ఎదురింటి పిన్నిగారు కూతురు కాన్పుకని డల్లాస్ వెళ్లారు. గంటల తరబడి విమానంలో కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. దిగిన నాలుగో రోజు ఎడమ పిక్క గట్టిపడి వాచింది. డాప్లర్ తీస్తే మోకాలి వెనక సిరలో కొత్తగా కట్టిన గడ్డ. మందులు మొదలుపెట్టారు, దేవుడి దయ వల్ల ఇప్పుడు బాగున్నారు. కానీ విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కట్టలేదు. ఇది మీకు ఇండియాలోనే ఉన్న పాత జబ్బు అన్నారు. అల్లుడుగారు నెలల తరబడి ఫోన్లు చేశాక, కాగితాలన్నీ తెప్పించి నాకు పంపారు. రిపోర్ట్‌లో అక్యూట్ అని స్పష్టంగా ఉంది. బిల్లులో ఐ82.532 అని ఉంది. ఉండాల్సింది ఐ82.432. మధ్యలో 4 అంటే కొత్త గడ్డ, 5 అంటే పాత గడ్డ. ఒక్క అంకె. తర్వాత ఆస్పత్రి వాళ్లు సరిచేసి మళ్లీ పంపారు, డబ్బు వచ్చింది. ఈలోగా ఆ కూతురు బాలింత ఒంటితో ఎంత టెన్షన్ పడిందో నేను చూశాను. ఆ కోడ్ ఎవరు వేశారో, ఏ ఊళ్లో వేశారో నాకు తెలియదు. మన హైదరాబాద్‌లోనే ఎవరైనా వేసి ఉండవచ్చు అన్న ఆలోచన మాత్రం వచ్చింది. మన అమ్మానాన్నలు ఏటా ఆ విమానాలు ఎక్కుతున్నారు. వాళ్ల కాళ్ల రిపోర్టులు తిరిగి తిరిగి మన స్క్రీన్ మీదికే రావచ్చు.

క్వాలిటీ టీములు నడిపే పెద్దలకు ఇప్పుడు కొన్ని మాటలు. వేలి ఎక్స్‌రేకీ, రెండు కాళ్ల డాప్లర్‌కీ, ఎమ్మారైకీ ఒకే టార్గెట్ పెట్టే చోట నేను పనిచేశాను. వేలి ఎక్స్‌రే రిపోర్ట్ మూడు లైన్లు. డాప్లర్ రిపోర్ట్‌లో సిర సిరకీ ఒక లైను. రెండింటికీ ఒకే లెక్క అయితే, కోడర్ ఏం చేస్తాడు? ఆర్డర్ చదివి, ఇంప్రెషన్ చదివి, మధ్యలోది వదిలేస్తాడు. వదిలేయకపోతే సాయంత్రానికి నంబర్ రాదు. తప్పు అతనొక్కడిది అని నేను అనలేను. రిపోర్ట్ రకాన్ని బట్టి టార్గెట్ వేరు చేయండి. ఇది మీ చేతిలో ఉన్న పని.

రెండోది, అడగడం. ఆర్డర్‌లో ‘పెయిన్’ అని ఒక్క మాటే ఉండి, ఎక్కడో, ఏ పక్కో రిపోర్ట్‌లో కూడా లేకపోతే వెనక్కి పంపి అడగాలి. మెడికేర్, అంటే అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా పెద్దవాళ్లకు ఇచ్చే ఇన్సూరెన్స్ ఉన్న రోగుల విషయంలో పరీక్షకు పంపే డాక్టరే కారణం చెప్పాలని 1997లో చేసిన బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం నుంచీ ఉంది. అంటే అడగడం కోడర్ హక్కు, చెప్పడం అవతలివాళ్ల బాధ్యత. మన దగ్గర మాత్రం చార్ట్‌ను హోల్డ్‌లో పెడితే లెక్కలో మైనస్. రోజుకు ఇన్నికంటే ఎక్కువ హోల్డ్ పెడితే మీటింగులో పేరు చదువుతారు. పిల్లలు సిగ్గుపడి ఊహించి వేస్తారు. ఊహించి వేసింది ఆడిట్‌లో దొరికితే ఒక తప్పు, దొరక్కపోతే ఏమీ లేదు. అడిగినవాడికి మాత్రం ఆ రోజే శిక్ష. ఈ లెక్కను తిరగేయమని అడుగుతున్నాను. సరైన ప్రశ్న వేసిన కోడర్‌కు మంచి మార్కు ఇవ్వండి.

ఈ మధ్య సాఫ్ట్‌వేరే కోడ్ సూచిస్తోంది, మనవాళ్లు సరే అని నొక్కుతున్నారు. నేను వాడిన ఒకదాంట్లో ‘నో ఎవిడెన్స్ ఆఫ్ డీవీటీ’ అన్న వాక్యంలో డీవీటీ మాట పసుపు రంగులో వెలిగింది, పక్కన ఐ82.40 సిద్ధంగా ఉంది. ముందున్న ‘నో’ వెలగలేదు. రేపటి నుంచి మన పిల్లల ఉద్యోగం ఆ ‘నో’ను చూడడమే అయితే, వాళ్లకు చదవడం నేర్పక తప్పదు. కోడ్ నంబర్లు యంత్రానికి వాళ్లకంటే బాగా గుర్తుంటాయి.

గురువులకు ఒక విన్నపం. ఒక పేజీలో అచ్చేసి ఇస్తున్న షీట్లున్నాయి, లెగ్ పెయిన్ అంటే ఇది, స్వెల్లింగ్ అంటే ఇది అని. వాటిని ఆపేయండి. ఐసీడీ ఏటా అక్టోబర్ 1న మారుతుంది, సీపీటీ జనవరి 1న మారుతుంది. పిక్క కండరాల్లోని సిరలకు విడిగా కోడ్లు 2019 అక్టోబర్‌లో గానీ రాలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు కూడా ఆ కోడ్లు లేని పాత షీట్ జిరాక్స్ తీసుకుని కొత్తగా వచ్చినవాళ్లు నా దగ్గర కూర్చున్నారు. కోడర్లకు సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షకు పుస్తకం చూసుకోనిస్తారు. అంటే పరీక్ష పెట్టేవాళ్లకే తెలుసు, ఇది గుర్తుపెట్టుకునే పని కాదు, వెతికి చదివే పని అని. ఇండెక్స్‌లో మాట పట్టుకుని, అక్కడి నుంచి జాబితాకు వెళ్లి, కింద ఉన్న సూచనలు చదవడం ఒక్కొక్కరి చేత వందసార్లు చేయించండి. విసుగొచ్చినా చేయించండి.

అడిగేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆదివారం ఉదయాలు నాకు ఖాళీ. మీలో ఎవరు పిలిచినా, అమీర్‌పేటైనా దిల్‌సుఖ్‌నగరైనా వచ్చి, ఫీజు లేకుండా, కాలు గురించి మూడు గంటల క్లాసు తీసుకుంటాను. అసలు రోగుల రిపోర్టులు బయటికి తేవడం నేరం కనుక, నేనే కూర్చుని రాసిన 40 నమూనా రిపోర్టులు ఉన్నాయి. కొన్నింటిలో గడ్డ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు, మూడింటిలో ఏ కాలో రాసి ఉండదు. ఆ మూడింటికి కోడ్ వేయకుండా నన్ను ప్రశ్న అడిగినవాళ్లెవరో చూడాలని ఉంది. క్లాసుకు వచ్చే పిల్లలను చెప్పులు బయట విడిచి, ప్యాంటు మోకాలిదాకా మడుచుకోగలిగేలా రమ్మనండి. తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ ఎక్కడున్నాయో ముందు వాళ్ల కాలి మీదే చూపించి మొదలుపెడతాను.

ఇట్లు,
2014 నుంచి రేడియాలజీ రిపోర్టులు చదువుతున్న ఒక కోడర్
హైదరాబాద్